ఒక క్రైస్తవ సమాజం ‘శ్రీసభ’ (చర్చి) అవునో కాదో కతోలిక బోధన ప్రకారం చూడడం ఎలా?

బోర్డు మీద పేరు చూడకండి, బిషప్ ఎవరని అడగండి. ఆయన మీద చేతులుంచి అభిషేకించిందెవరు? ఆయనకు ముందెవరు? ఆ వరుస తెగకుండా అపొస్తలుల దాకా వెళ్లాలి. అది తెగితే గురుపట్టం (గురువుగా అభిషేకం) చెల్లదు. గురువు లేనిదే దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీర రక్తాల సంస్కారం) లేదు. 2000లో వాటికన్ చెప్పిన కొలత ఈ రెండే: తెగని బిషప్‌ల వరుస, చెల్లే దివ్యసత్ప్రసాదం.

చాలామంది పొరబడేది ఇక్కడే, బిషప్ పదవి ఉంటే చాలనుకుంటారు. అభిషేక ప్రార్థనలోని మాటల్లోనూ, ఉద్దేశంలోనూ లోపముందని ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సభ) పట్టాలు చెల్లవని 13వ లియో పాపుగారు 1896లో తేల్చారు. ఆ లెక్కన ఆంగ్లికన్ బిషప్‌ల వరుస నుంచి వచ్చిన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వంటివి క్రైస్తవ సమాజాలే, సరైన అర్థంలో సభలు కావు. ఆర్తడాక్స్ వారివి మాత్రం, ఆ వరుస తెగలేదు కనుక, పాపుగారితో పూర్తి ఐక్యత లేకున్నా, నిజమైన స్థానిక సభలు.

జ్ఞానస్నానాన్ని దీంతో కలపకండి. నీళ్లతో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున సరిగా ఇస్తే సి.ఎస్.ఐ. వంటి సమాజాల్లోనూ చెల్లుతుంది, మళ్లీ ఇవ్వకూడదు.