లెదర్ షూ మీద తెల్లగా వస్తే, పగిలితే, వాసనొస్తే

పెళ్ళికి వేసుకుందామని అట్టపెట్టె తెరిస్తే నల్ల షూ మీద విబూది చల్లినట్టు ఉంటుంది. వానాకాలంలో బెజవాడలో ఇది మామూలే. పాలిష్ పాతబడిందనుకుని చాలామంది దాని మీదే మళ్ళీ పాలిష్ రుద్దేస్తారు. అది బూజు. లోపల ఆరని చెమట, గాలి ఆడని పెట్టె, అంతే కారణం.

షూ బాల్కనీలోకి తీసుకెళ్ళి పొడిగుడ్డతో తుడవండి. గదిలో దులిపితే పక్క జతకూ అంటుకుంటుంది. తర్వాత వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడిచి, ఒకరోజు ఫ్యాన్ గాలికి వదిలేయండి. పాలిష్ ఆ తర్వాతే.

తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి కాసేపు చూపిస్తే కరిగి మాయమైందా? అది తోలు లోపలి కొవ్వు పైకి తేలడం. గుడ్డతో తుడిస్తే చాలు. తడిసి ఆరాక అంచుల వెంట గీతలా ఉంటే ఉప్పు. దానికీ పైన చెప్పిన వెనిగర్ నీళ్ళే.

వేళ్ళు వంగే చోట పగుళ్ళు వచ్చాయంటే నేను ఎండనే అనుమానిస్తాను. బస్టాండు నుంచి వానలో నడిచొచ్చి, మర్నాడు డాబా మీద ఎండలో పెట్టింది నేనే. సాయంత్రానికి అప్పడంలా బిగుసుకుపోయింది. నీళ్ళతో పాటు తోలును మెత్తగా ఉంచే నూనె కూడా తగ్గిపోతుంది. తడిస్తే లేసులు, లోపలి అట్ట తీసేసి, న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, నీడలో పక్కకి వాల్చండి. సోలూ ఆరాలి కదా. గంటకో రెండు గంటలకో పేపర్ మార్చండి. ఒకసారి పగిలింది అతకదు. లెదర్ కండిషనర్, అంటే తోలును మెత్తబరిచే క్రీమ్, శనగగింజంత తీసుకుని రాస్తే ఇంకా పాకకుండా ఆగుతుంది.

కొబ్బరినూనె వద్దు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు గానీ, రంగు ముదురుతుంది, దుమ్ము పడుతుంది, పైన పాలిష్ నిలవదు. మైనం పాలిష్ మెరుపుకే. మడతల్లో మందంగా పూస్తే అదే పెచ్చులుగా పగులుతుంది.

వాసనకు పైపైన ఏం చేసినా లాభం లేదు. రోజూ ఒకే జత తొడిగితే చెమట ఆరే టైమే ఉండదు, రోజు మార్చి రోజు వేసుకోండి. రాత్రి పాత సాక్సులో వంటసోడా పోసి ముడేసి లోపల పెట్టండి. తగ్గకపోతే లోపలి అట్టే మార్చాలి.

ఇవన్నీ నున్నటి తోలుకే. స్వెడ్ మీద, అంటే నూగునూగుగా ఉండే తోలు మీద, పాలిష్ పెట్టకండి.

సోల్ ఊడితే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర కుట్టించండి, గమ్ కంటే కుట్టు గట్టిది. బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్న పీయూ (పాలీయురెథేన్ అనే ఒకరకం ప్లాస్టిక్) సోల్ మాత్రం గాలిలో తేమకే లోలోపల చెడి, వేసుకున్న రోజే రొట్టెముక్కలా రాలుతుంది. దాన్ని కుట్టలేరు, కొత్త సోల్ వేయించాల్సిందే.

ఇక పైపొర పొలుసుల్లా లేచి కింద గుడ్డ కనిపిస్తోందా? అది రెక్సిన్. నా దగ్గరున్న అలాంటి జత ఇప్పుడు డాబా మీద కుండీలకు నీళ్ళు పోసేటప్పుడు పనికొస్తోంది.