ఖైరతాబాద్ గణేశుడి దగ్గరికి లాక్కెళ్లే ముందు

గత ఆదివారం మా కాలనీలో ఒకావిడను ఇంట్లోవాళ్లు ఖైరతాబాద్ దర్శనానికి తీసుకెళ్లారు. ఏడాదికి పైగా గడప దాటని మనిషి. "దేవుడి దగ్గరికే కదా, భయమేంటి" అంటూ చెరో చెయ్యి పట్టుకుని నడిపించారు. క్యూలో ఊపిరాడక, వేళ్లు కొంకర్లు పోయి, బారికేడ్ పక్కనే కూలబడింది. ఇప్పుడు బాల్కనీలోకి కూడా రావట్లేదు.

నిమజ్జనం దాకా జనం ఇంకా పెరుగుతారు. ఇంట్లో అగోరాఫోబియా ఉన్నవాళ్లుంటే దయచేసి ఈ ఒక్క మాట వినండి: లాక్కెళ్లకండి. బస్సులో, క్యూలో, జనంలో ఏదైనా అయితే బయటపడలేను, ఎవరూ ఆదుకోరు అన్నదే వాళ్ల భయం. అది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దానంతటదే దిగుతుంది. దిగేదాకా అక్కడే ఉండగలిగితే ధైర్యం కుదురుతుంది. మధ్యలో ఇంటికి పరుగెత్తాల్సి వస్తే, ఇల్లు తప్ప దిక్కులేదన్న నమ్మకం గట్టిపడుతుంది. లాక్కెళ్తే జరిగేది అదే.

ముందు గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చోనివ్వండి. తర్వాత లిఫ్టు, గేటు, సందు చివర కిరాణా కొట్టు. మెట్రో అయితే మధ్యాహ్నం ఖాళీ వేళ, ఒక్క స్టేషన్. ఒకచోట భయం బాగా తగ్గాకే తర్వాతి చోటు, అదీ తను సరేనంటేనే. సైకాలజిస్టులు సీబీటీ అనే మాటల చికిత్సలో చేయించేది ఇదే. గడపే దాటలేకపోతే వీడియో కాల్‌లో మొదలుపెట్టొచ్చు. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అనగానే మొహం తిప్పుకోకండి, అక్కడున్నదీ డాక్టర్లే.

డాక్టర్ ఈ భయం తగ్గడానికి రాసే సెర్ట్రాలిన్ లాంటి మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో టెన్షన్ పెరిగినట్టుంటుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపొద్దు, డాక్టర్‌కు చెప్పండి.

ఛాతీ నొప్పి మొదటిసారి వస్తే భయమేలే అనుకోకండి, ఈసీజీ తీయించండి. మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలం లాంటి మత్తు మాత్రలు తెచ్చివ్వకండి, అలవాటు పడతారు. ధైర్యానికని పెగ్గు పోయకండి. ఆసుపత్రికని చెప్పి పెళ్లికి తీసుకెళ్లకండి. చుట్టాల ముందు వెక్కిరించకండి. డప్పులు మోగే రోజు ప్రాక్టీసు పెట్టకండి. అలాగని పనులన్నీ మీరే చేసిపెట్టకండి, గేటు దగ్గరి పాల ప్యాకెట్ తననే తెచ్చుకోనివ్వండి. మళ్లీ చెప్తున్నా, లాక్కెళ్లకండి. "బతకాలని లేదు" అన్న మాట వినబడితే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే 14416కు ఫోన్ చేయండి, ఒంటరిగా వదలకండి.