సొంత డ్రైయర్‌లో వేడి ఆగకపోతే: సమస్య - పరిష్కారం

విశాఖలో ముసురు పడితే వడియాలూ ఎండవు, చేపలూ ఎండవు. అందుకే రేకు పెట్టెలో 2000 వాట్ల హీటర్ బిగించి, పీఐడీ కంట్రోలర్ (సెట్ చేసిన డిగ్రీల దగ్గర వేడిని నిలిపే పరికరం), ఎస్‌ఎస్‌ఆర్ (కంట్రోలర్ చెప్పినట్టు హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే సాలిడ్ స్టేట్ రిలే) పెట్టి డ్రైయర్ చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏది విప్పాలన్నా ముందు ప్లగ్ పీకేయండి. ఎస్‌ఎస్‌ఆర్ ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా కరెంటు లీకవుతుంది, దాన్ని నమ్మి హీటర్ టెర్మినల్ ముట్టుకోవద్దు.

సమస్య: 60 డిగ్రీలకు సెట్ చేస్తే 90 దాటినా ఆగట్లేదు.

ఎస్‌ఎస్‌ఆర్ మీది చిన్న లైటు చూడండి. అది ఆరిపోయినా వేడి ఎక్కుతుంటే ఎస్‌ఎస్‌ఆర్ లోపల షార్ట్ అయినట్టే. ప్లగ్ తీసి, అవుట్‌పుట్ వైర్లు విప్పి మల్టీమీటర్ పెడితే దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తుంది. 230 వోల్టుల మీద ఈ హీటర్ సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆంపియర్‌కు ఒక వాట్ పైనే ఎస్‌ఎస్‌ఆర్‌లో వేడిగా మారుతుంది. హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) లేకుండా చెక్కకు బిగిస్తే మాడిపోక ఏం చేస్తుంది? 40 ఆంపియర్లది తెచ్చి, థర్మల్ పేస్ట్ రాసి, అల్యూమినియం హీట్‌సింక్‌కు బిగించండి.

అంతటితో వదిలేయకండి. ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది, కంట్రోలర్ ఎంత మంచిదైనా అప్పుడు ఏమీ చేయలేదు. అందుకని 80 డిగ్రీలకు తెగే, చేత్తో రీసెట్ చేసే థర్మోస్టాట్ ఒకటి విడిగా పెట్టి, దాంతో కాంటాక్టర్ (హీటర్‌కు వెళ్లే కరెంటును తెంచే పెద్ద రిలే) ఆఫ్ అయ్యేలా వైరింగ్ చేయించండి. ఇక్కడ మాత్రం డబ్బు చూసుకోవద్దు.

ఎస్‌ఎస్‌ఆర్ మీది లైటు వెలుగుతూనే ఉందా? సెన్సర్ చోటు తప్పి బయటికి వచ్చిందేమో చూడండి. వేడెక్కేకొద్దీ కంట్రోలర్ మీది అంకె తగ్గుతుంటే థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సర్) వైర్లు తారుమారయ్యాయి, మార్చి బిగించండి.

సమస్య: కొన్నాళ్లు వాడకుండా ఉంచి ఆన్ చేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) పడిపోతోంది.

హీటర్ గొట్టంలోని మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలో తేమ పీల్చుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది మామూలే. హీటర్ విప్పి, ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, చల్లారాక ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూపించండి. ఒక మెగాఓమ్ కూడా రాకపోతే పారేయండి. ఆర్‌సీసీబీని బైపాస్ చేయడం, ఎర్త్ వైరు తీసేయడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు. అలా చేస్తే రేకు పెట్టెకే షాక్ వస్తుంది.

సమస్య: టెర్మినల్ నల్లబడి, వైరు తొడుగు కరిగింది.

లూజ్ కనెక్షన్, లేదంటే ఉప్పుగాలి తుప్పు. కాలిన భాగం కత్తిరించి, కొత్త లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) వేసి, ఫైబర్‌గ్లాస్ తొడుగున్న వైరు వాడండి. ప్లగ్ 16 ఆంపియర్లదే ఉండాలి.