చిల్లరలో పాత నాణేలు – 3వ పాఠం: సంవత్సరం కింద చూడండి

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? వారం రోజుల చిల్లర ఖర్చు పెట్టకుండా ఒక డబ్బాలో వేసి, రూపాయి, రెండు, ఐదు, పది బిళ్ళలు విడివిడిగా పెట్టమన్నాను. ఆ డబ్బా ముందు పెట్టుకునే ఇది చదవండి, చేతిలో బిళ్ళ లేకపోతే ఈ పాఠం బుర్రకెక్కదు.

ఇవాళ చూడాల్సింది ఒక్కటే చోటు. సంవత్సరం అంకెల కింద ఆవగింజలో సగం ఉండే గుర్తు. మన దేశంలో నాణేలు ముద్రించే టంకశాలలు నాలుగున్నాయి, ఏ బిళ్ళ ఎక్కడ పుట్టిందో ఆ గుర్తే చెబుతుంది. వజ్రం ఆకారం ఉంటే ముంబై, అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. కింద ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్ టంకశాల సైఫాబాద్ నుంచి 1997లో చర్లపల్లికి మారింది, నక్షత్రం మాత్రం అలాగే ఉంది. నా డబ్బాలో ఎప్పుడు చూసినా నక్షత్రాలే ఎక్కువ, మీ దాంట్లో ఎలా ఉందో లెక్కపెట్టి చూడండి.

చిక్కంతా అరిగిపోయిన బిళ్ళలతోనే. వజ్రం నాలుగు మూలలూ అరిగితే అచ్చం చుక్కలాగే కనిపిస్తుంది, నేను మొదటి రెండు నెలలు ముంబై బిళ్ళలు బోలెడు నోయిడావని రాసుకుని తర్వాత పుస్తకమంతా కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. ట్యూబ్‌లైట్ కింద నిటారుగా చూస్తే తేడా తెలియదు. పొద్దున్న కిటికీ దగ్గర కూర్చుని, వెలుగు పక్క నుంచి పడేలా బిళ్ళను కొంచెం వాల్చి చూడండి, మూలల నీడ కనిపిస్తుంది. ఫోన్ కెమెరా జూమ్ చేసినా చాలు, భూతద్దం ఇప్పుడే కొనక్కర్లేదు.

ఇంత చిన్న గుర్తుకు ఇంత హడావుడి ఎందుకంటే, ఒకే సంవత్సరం, ఒకే బొమ్మ ఉన్న బిళ్ళను నాలుగు చోట్లా ఒకే లెక్కన ముద్రించరు. ఒక చోట కోట్లలో వచ్చింది ఇంకో చోట తక్కువగా రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. అందుకే సేకరించేవాళ్ళు సంవత్సరంతో పాటు టంకశాలను కూడా రాసుకుంటారు. కొన్ని బిళ్ళలైతే మన దేశంలో పుట్టినవే కావు. 2000 నాటి రెండు, ఐదు రూపాయల బిళ్ళల్లో కొన్ని మాస్కోలో ముద్రించి తెచ్చినవి. ఈ మూడు గుర్తుల్లో దేనికీ సరిపోని చిన్న ముద్ర ఏదైనా కనిపిస్తే ఆ బిళ్ళ పక్కన పెట్టండి, దాని సంగతి తర్వాతి పాఠంలో చూద్దాం.

ఇప్పుడు పది రూపాయల కుప్ప తీయండి. మన విశాఖపట్నంలో ఈ బిళ్ళ తీసుకోం అనే కొట్లు ఇంకా ఉన్నాయి. 2018 జనవరిలోనే రిజర్వ్ బ్యాంక్ 14 రకాల బొమ్మలతో పది రూపాయల నాణేలున్నాయని, అన్నీ చెల్లుతాయని చెప్పింది. కొట్టువాళ్ళు వద్దన్నవే మనకు పండగ. మద్దిలపాలెంలో ఆటో దిగితే నాకు చిల్లరగా వచ్చిన పది బిళ్ళ మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ బొమ్మ ఉంది. ఆయన 125వ జయంతికి 2015లో తెచ్చిన నాణెం అది. 1931 నుంచి 1936 దాకా ఆయన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్, ఆ యూనివర్సిటీకి కూతవేటు దూరంలో ఆయన బొమ్మ నా చేతిలో పడింది. దానికి బజార్లో పెద్ద ధరేమీ లేదు, అయినా ఎవరు ఎంత ఇస్తానన్నా ఇవ్వను.

ఐదు రూపాయల కుప్పకి ఒక అయస్కాంతం చాలు, ఫ్రిజ్ మీద అతికించేదైనా సరే. పాత బరువైన ఐదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు, రాగి, నికెల్ కలిపిన లోహం, అయస్కాంతానికి అతుక్కోదు. తర్వాత వచ్చిన స్టీలు బిళ్ళ అతుక్కుంటుంది. 2006లో వచ్చిన, కేరళ సంఘ సంస్కర్త నారాయణ గురు బొమ్మ ఉన్న బిళ్ళ ఈ రెండు లోహాల్లోనూ ఉంది, దొరికితే రెండూ దాచుకోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా, కడగొద్దు. 1990లో వచ్చిన అంబేద్కర్ రూపాయి బిళ్ళ నాకు పూర్ణా మార్కెట్‌లో టీ కొట్టు దగ్గర దొరికింది, నల్లగా ఉందని చింతపండు పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టు తోమాను. తెల్లగా మెరిసింది, కానీ ముఖం మీద సన్నటి గీతలు పడ్డాయి, ఆ గీతలు ఇక పోవు. నాణెం మీద కాలం వేసిన రంగే దాని చర్మం, ఒలిచేస్తే మళ్ళీ రాదు. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్ళలో కాసేపు ఉంచి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దండి. మన ఊళ్ళో సముద్రపు గాలి కూడా శత్రువే, కాబట్టి పూర్తిగా ఆరాకే కాగితం కవర్లో పెట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో వేయండి. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి అందులో పడేయండి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళకి లక్షలిస్తామని ఫోన్ చేసి, ముందు కమీషన్ కట్టమనేవాళ్ళు ఉన్నారు. పైసా కట్టొద్దు. పాత నాణేల వ్యాపారం తాము చేయడం లేదని, వాటికి ఏ కమీషనూ అడగడం లేదని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది.

వచ్చే పాఠం లోపు పని: రూపాయి, రెండు బిళ్ళల్లో ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకునే గీతలు, వాటి మధ్య నాలుగు చుక్కలు ఉన్నవి వెతకండి. రెండు రూపాయలది 2005 నుంచి మొదలవుతుంది, రూపాయిది 2004 నుంచి. 2004 రూపాయి దొరకడం కష్టం, అది దొరికినవాళ్ళు కింద గుర్తేముందో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం దాంతోనే మొదలుపెడతాను.