బరంపురం, పర్లాకిమిడి వైపు మనోళ్లకి: కరెంటు బండి కొనే ముందు నలుగురు కలిసి చేసుకోవాల్సిన పనులు

సొంతిల్లు ఉండి, వాకిట్లో ప్లగ్గు ఉండి, చేతిలో లక్ష రూపాయలు ఉన్నవాళ్లకి ఎలక్ట్రిక్ స్కూటర్ ఎలా కొనాలో ఎవరూ చెప్పక్కర్లేదు, షోరూమ్ వాళ్లే దగ్గరుండి అన్నీ చూసుకుంటారు. ఇది మిగతావాళ్ల కోసం రాస్తున్నా. బరంపురంలో అద్దెకుంటూ ఆటో నడిపేవాళ్లు, పర్లాకిమిడి నుంచి రోజూ పాతపట్నం పోయి పని చేసుకుని వచ్చేవాళ్లు, గుణుపూర్, రాయగడ వైపు ఘాటీ రోడ్లలో తిరిగేవాళ్లు, గ్రూపులో పొదుపు కట్టే ఆడవాళ్లు. నేను చెప్పేదేంటంటే, ఏ బండి అన్నది తర్వాత, ముందు ఛార్జింగ్ ఎక్కడ పెడతారు, అప్పు ఎలా తెస్తారు, ఈ రెండూ తేల్చుకోండి. ఒక్కరే అయితే ఇవి తేలవు, వీధిలోనో స్టాండులోనో నలుగురు కలిస్తే తేలతాయి.

లెక్క ఒకసారి చూడండి. రోజుకి 40 కిలోమీటర్ల చొప్పున నెలకి 26 రోజులు తిరిగితే 1,040 కిలోమీటర్లు. లీటరుకి 45 ఇచ్చే పెట్రోల్ బండికి 23 లీటర్లు కావాలి, లీటరు వంద పైనే కాబట్టి 2,300 దాటిపోతుంది. కరెంటు స్కూటర్‌కి యూనిట్‌కి 28, 30 కిలోమీటర్లు వేసుకోండి, నెలకి 36 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలు అనుకున్నా 220 లోపే. అంటే నెలకి రెండు వేలు మిగులు. ఈ రెండు వేలు నెలకి పన్నెండు వేలు తెచ్చుకునే మనిషికే ఎక్కువ అవసరం, కానీ బండి మాత్రం ముందు డెబ్భై వేల జీతగాళ్ల ఇంటికే పోతోంది, నాకు బాధ అక్కడే.

సరే, అద్దె ఇల్లు. రాత్రిపూట ఏ వీధిలోకైనా పోయి చూడండి, పై పోర్షన్ కిటికీలోంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు కిందకి దిగి, కాలవ దాటి, బండి దాకా వచ్చి ఉంటుంది, మిగిలిన వైరు అక్కడే చుట్ట చుట్టి పడేసి ఉంటుంది, ఆ చుట్ట ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. వాన పడిందంటే ఆ జాయింట్ నీళ్లలోనే. ఇది మాత్రం వద్దండి, దయచేసి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటర్ దగ్గర్నుంచి మందం వైరు లాగించి, 16 ఆంప్స్ సాకెట్, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించండి, పక్కనే చిన్న సబ్ మీటర్ కూడా. ఓనర్ ఒప్పుకోవట్లేదంటే ఎక్కువసార్లు భయం కరెంటు బిల్లు గురించే, కాబట్టి మాట అక్కడే మొదలుపెట్టండి. "బాబాయ్ గారూ, సబ్ మీటర్ ఖర్చు నాదే, ఒకటో తారీకున ఇద్దరం కలిసి రీడింగ్ చూద్దాం, ఎన్ని యూనిట్లయితే అన్నింటికీ మీ బిల్లులో పై స్లాబ్ ఏదుంటే ఆ రేటే ఇస్తా" అనండి. పై స్లాబ్ అని ఎందుకంటున్నానంటే మీ 36 యూనిట్లు ఓనర్ వాడకం మీద వచ్చి పడతాయి, సగటు రేటు ఇస్తే ఆయనకి నష్టం, అది ఆయనకీ తెలుసు. రీడింగులు ఒక నోటు పుస్తకంలో ఇద్దరి సంతకాలతో రాసుకుంటే ఖాళీ చేసే రోజు గొడవ ఉండదు.

ఇంకో దారి కూడా ఉంది, చాలామందికి తెలీదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం కరెంటు వినియోగదారుల హక్కుల రూల్స్ మార్చింది, దాని ప్రకారం ఈవీ, అంటే కరెంటు బండి, ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడగొచ్చు. అప్లికేషన్ అన్నీ సరిగ్గా ఉండి కొత్త లైను అక్కర్లేకపోతే మున్సిపాలిటీలో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో ఇవ్వాలి, కొండ ప్రాంతపు పల్లెలకి 30 రోజులు. మన దక్షిణ ఒడిశా జిల్లాలకి కరెంటు ఇచ్చే కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్, అక్కడే అప్లై చేయాలి. ఇచ్చిన రోజే నంబరుతో రసీదు తీసుకోండి, అది లేకపోతే రోజులు లెక్కపెట్టడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఇంకా ముఖ్యం, పబ్లిక్ ఛార్జింగ్ పాయింట్ పెట్టడానికి కరెంటు లైసెన్సు అక్కర్లేదని 2018లోనే చెప్పేశారు. అంటే ఆటో స్టాండ్ యూనియన్ పెట్టుకోవచ్చు, మహిళా సంఘం పెట్టుకోవచ్చు, కిరాణా కొట్టాయన పెట్టుకోవచ్చు, సేఫ్టీ రూల్స్ పాటిస్తే చాలు. నాకైతే మహిళా సంఘాల మీదే ఎక్కువ నమ్మకం, లెక్క పుస్తకం రాయడం, నెల నెలా వసూలు చేయడం వాళ్లకి ముందే అలవాటు. పది ఆటోలు రాత్రిళ్లు పెట్టుకునే షెడ్డు, నాలుగు సాకెట్లు, ఒక్కోదానికి ఒక మీటరు, యూనిట్‌కి ఇంత అని బోర్డు, ఇలా చిన్నగా మొదలుపెట్టండి. ఆ బోర్డు తెలుగులో, ఒరియాలో రెండింట్లో రాయండి. ఇంట్లో వాడే డొమెస్టిక్ కనెక్షన్ మీద డబ్బులు తీసుకుని పది బండ్లకి ఛార్జింగ్ పెట్టకండి, రేపు తనిఖీకి వస్తే ఇబ్బంది ఇల్లుగలాయనకే.

ఇప్పుడు అప్పు. ఫైనాన్స్ వాళ్లు "12 శాతమే అన్నా" అంటే వెంటనే అడగాల్సింది ఫ్లాటా, రెడ్యూసింగా అని. లక్షన్నర, మూడేళ్లు, 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 54,000, నెలకి 5,667. అదే 12 శాతం రెడ్యూసింగ్ అయితే నెలకి 4,982, మొత్తం వడ్డీ 29 వేల చిల్లర. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా ఫ్లాట్‌లో మొదటిరోజు అసలు మీదే వడ్డీ వేస్తూ పోతారు, తేడా పాతిక వేల దాకా వచ్చేది అందుకే. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్, ముందే తీర్చేస్తే ఎంత పెనాల్టీ, ఇవన్నీ కాగితం మీద రాయించుకుని ఇంటికి తెచ్చి చదువుకున్నోళ్లకి చూపించి అప్పుడు సంతకం పెట్టండి. బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ అడగండి, ఇంట్లో ఆడవాళ్లు గ్రూపులో ఉంటే ఒడిశా ప్రభుత్వం మహిళా సంఘాల కోసం నడిపే మిషన్ శక్తి ద్వారా బ్యాంకు లోన్ అడగండి. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే, 2024 సెప్టెంబర్‌లో మొదలైన సుభద్ర పథకం డబ్బులు ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్లలో 50,000 వస్తున్నాయి కదా, కొందరు దాన్ని డౌన్ పేమెంట్‌కి వేసుకుంటున్నారు. తప్పులేదు, కానీ ఆ డబ్బు ఆవిడది, అలాంటప్పుడు బండి ఆవిడ పేరు మీదే రిజిస్టర్ చేయించండి.

బార్డర్‌లో ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో రేటు తక్కువని అక్కడ కొనేసి అక్కడే రిజిస్టర్ చేయించారంటే ఒడిశా ఇచ్చే సబ్సిడీ రాదు. ఒడిశా ఈవీ పాలసీ 2021లో వచ్చింది, బండి ఒడిశాలో కొని ఒడిశాలో రిజిస్టర్ చేయించినవాళ్లకి కొనుగోలు సబ్సిడీ, రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ పెట్టారు. ఆ సబ్సిడీ షోరూమ్ బిల్లులో తగ్గదు, తర్వాత కొన్నవాళ్ల అకౌంటులో పడుతుంది, అంటే లేనోళ్లే ముందు మొత్తం పెట్టాలి. అందుకని ఆ డబ్బు రాదు అనుకునే ఈఎంఐ లెక్క వేసుకోండి, వచ్చాక అప్పులో కట్టేయండి. కేంద్రం సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్ 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఇది మాత్రం బిల్లులోనే తగ్గించేలా పెట్టారు, టూవీలర్‌కి బ్యాటరీ కిలోవాట్ అవర్‌కి, అంటే యూనిట్‌కి, మొదట 5,000 ఇచ్చి తర్వాత 2,500 చేశారు. గడువులు, మొత్తాలు మారుతుంటాయి కాబట్టి ఒడిశాదీ, కేంద్రానిదీ ఇవాళ ఏది ఇంకా ఉంది, ఎంత ఇస్తున్నారని బిల్లుకి ముందే అడగండి. కేంద్రం సబ్సిడీని ఆధార్‌తో, ఒక ఆధార్‌కి ఒక బండి అని ఇస్తారు, కాబట్టి ఎవరో అడిగారని మీ ఆధార్, ఓటీపీ ఇచ్చేయకండి.

ఫారాలు ఒరియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, మన పెద్దోళ్లు ఒరియా గడగడా మాట్లాడతారు కానీ చాలామందికి చదవడం రాదు. కాలేజీ పిల్లలు ఉన్న వీధి అయితే ఆదివారం ఒక గంట కూర్చోబెట్టి ఫారాలు నింపించండి. ఇంత చిన్న పని చేయక ఆగిపోయిన అప్లికేషన్లు ఎన్నో.

ఆటో వాళ్లకి. ఈ-రిక్షా అంటే గంటకి 25 కిలోమీటర్ల స్పీడ్ దాటనిది, నలుగురు ప్యాసింజర్లు, ఊళ్లో సమతలం రోడ్లకి బాగుంటుంది. తప్తపాణి ఘాటీకో, కొరాపుట్ ఘాటీకో అది పనికిరాదు, అక్కడ ఎల్5 రకం, అంటే 25 స్పీడ్ దాటి పోయే పెద్ద ఆటో కావాలి. అది కూడా షోరూమ్ ముందు ఖాళీగా తిప్పి కొనకండి, మీరు రోజూ ఎక్కే ఎత్తులోనే నిండా మనుషుల్ని ఎక్కించుకుని టెస్ట్ డ్రైవ్ అడగండి, పైకి ఎక్కేసరికి ఛార్జ్ ఎన్ని శాతం దిగిందో రాసుకోండి. ఇవ్వం అంటే వేరే షోరూమ్ చూసుకోండి. బ్యాటరీ లెడ్ యాసిడ్ అయితే చవగ్గా వస్తుంది కానీ రోజూ ఆటో తిప్పితే ఏడాది, ఏడాదిన్నరలో మార్చాలి, లిథియం ధర ఎక్కువ కానీ ఏళ్లు వస్తుంది, అందులోనూ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం మన ఎండలకి మేలు. బ్యాటరీ బండ్లకి పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018 అక్టోబర్‌లో చెప్పింది, కానీ లైసెన్సు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి, ఊళ్లో ఏ రోడ్లలో తిరగనిస్తారో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

"లైసెన్సూ అక్కర్లేదు, నంబరూ అక్కర్లేదు" అని అమ్మే స్కూటర్లు ఉంటాయి. అది 25 కిలోమీటర్ల స్పీడ్, 250 వాట్ల లోపు మోటార్ ఉన్నవాటికే. అంతకన్నా స్పీడ్ పోతోందంటే అది రిజిస్టర్ కావాల్సిన బండి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ ఉండదు. చదువుకునే పిల్లలకి కొనిచ్చేవాళ్లు ఇది తప్పక చూడండి.

నడవలేనివాళ్లని ఈ మాటల్లో ఎవరూ తలుచుకోరు. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఉంటే, వాళ్లకి పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకంలో ప్రభుత్వ కంపెనీ అలిమ్‌కో తయారుచేసే బ్యాటరీ ట్రైసైకిల్‌కి అర్హత ఉందేమో జిల్లా సాంఘిక భద్రత ఆఫీసులో అడగండి. ఛార్జింగ్ షెడ్డు కట్టేటప్పుడు ఒక సాకెట్ కూర్చున్న ఎత్తులో, మెట్టు లేకుండా పెట్టించండి, దానికి అదనంగా పెద్ద ఖర్చేమీ ఉండదు.

తుపాన్లు మనకి కొత్త కాదు, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నామో అందరికీ గుర్తే. హెచ్చరిక వచ్చిన రోజే ఫుల్ ఛార్జ్ పెట్టి బండిని ఎత్తు మీదకి చేర్చండి, వీధిలో ఒకటి రెండు పెట్రోల్ బండ్లు ఆసుపత్రి అవసరానికి ఉంచుకోండి, అన్నీ ఒకేసారి మార్చేయక్కర్లేదు. బ్యాటరీ నీళ్లలో మునిగితే ఆరింది కదా అని స్విచ్ వేయకండి, ఛార్జింగ్ అసలే పెట్టకండి, ఇంటికి దూరంగా ఉంచి సర్వీస్ వాళ్లని పిలవండి, లిథియం బ్యాటరీ మునిగిన చాలా రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు.

పాత బ్యాటరీలు పాత సామాన్ల వాళ్లకి అమ్మేయకండి, సీసం కరిగించే చోట పిల్లలుంటారు, ఆ పొగ, ఆ దుమ్ము వాళ్ల ఒంట్లోకే పోతుంది. 2022 బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం వాడేసిన బ్యాటరీల్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాళ్లదే, కాబట్టి కొన్న డీలర్ దగ్గరే మార్చుకుని రసీదు తీసుకోండి. కొత్తది బిగించాక దాని మీద ఉన్న సీరియల్ నంబరు, వారంటీ కార్డు మీద నంబరు ఒకటేనా కాదా అని అక్కడ నిలబడే చూసుకుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి.