వాద్యం లోపలి గది – పాఠం 4: హార్మోనియం పెట్టెలో వెలుతురు

గత పాఠంలో గిటార్ లోపలికి ఫోన్ దించి ఫోటోలు తీశాం. అక్కడ పని సులువే. దాని నోరు సుమారు పది సెంటీమీటర్ల వెడల్పు, లోపలంతా ఖాళీ, పై చెక్కకి అడ్డంగా అతికించిన బద్దీలు. ఈసారి హార్మోనియం. దీనికి అలా తెరిచి ఉన్న నోరు లేదు. కానీ లోపల ఇత్తడి ఉంది, తోలు ఉంది, స్ప్రింగులున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మనకి కావలసినప్పుడు తెరుచుకుని అక్కర్లేనప్పుడు మూసుకునే కిటికీలున్నాయి. ఈ పాఠమంతా ఆ కిటికీల గురించే.

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో హార్మోనియం కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. రామమందిరంలో భజన బృందం దగ్గర ఉంటుంది, తెనాలి వైపు పద్య నాటకాలాడే వాళ్ళ దగ్గర ఉంటుంది. ఆలిండియా రేడియో 1940లో ఈ వాద్యాన్ని నిషేధించింది. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, దీనిమీద పలకదని, మన శ్రుతులకి సరిపడదని అభ్యంతరం. ఆ నిషేధం 1971 దాకా సాగింది. మన విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది కూడా ఆ నిషేధం నడుస్తున్న రోజుల్లోనే. రేడియో వద్దన్న ఆ కాలంలో పద్య నాటకం హార్మోనియాన్ని నెత్తిన పెట్టుకుంది. అందుకే ఈ వాద్యం లోపల ఎలా ఉంటుందో మనవాళ్ళకి చూపించడం నాకు చాలా ఇష్టమైన పని.

ముందు ఒక సూత్రం. వాద్యం లోపల తీసిన ఫోటో పెద్ద హాలులా కనిపించాలంటే ఏం చేయాలి? ఫోటోలో ఉన్నది చిన్న వస్తువని మన కంటికి ముందుగా పట్టిచ్చేది మసక. దగ్గరనుంచి తీసినప్పుడు ఒక్క చోట ఫోకస్ ఉండి మిగతాదంతా కరిగిపోతుంది. అది చూడగానే ‘ఓహో, ఇది అరచేతిలో పట్టేంత వస్తువు’ అని మెదడు తేల్చేస్తుంది. ముందు అంచు నుంచి వెనక గోడ దాకా అంతా స్పష్టంగా ఉంటే, అదే మెదడు దాన్ని మండపం అనుకుంటుంది. న్యూజిలాండ్ ఫోటోగ్రాఫర్ చార్లెస్ బ్రూక్స్ ఫోటోలు చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. ఆయన స్వయంగా చెల్లో వాద్యకారుడు. చెల్లోలు, పియానోల లోపల ఒక్క దృశ్యం కోసం ఫోకస్ జరుపుతూ వందల ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక్క ఫోటో చేస్తాడు. మనకి వందలు అక్కర్లేదు, పద్ధతి మాత్రం అదే.

పెట్టె తెరవడం

హార్మోనియం పై మూత తీస్తే మెట్లు (వేళ్ళతో నొక్కే మీటలు), స్టాపుల (ముందు వైపు లాగే గుబ్బల) తీగలు కనిపిస్తాయి. మనకి కావలసిన గది వాటి కింద ఉంది. మెట్లు కూర్చున్న పలకని రీడ్ బోర్డు అంటారు. దాని అడుగున ఇత్తడి రీడ్లు వరసగా బిగించి ఉంటాయి. మూడున్నర స్థాయిల పెట్టె అయితే 42 మెట్లు. డబుల్ రీడ్ అయితే ఒక్కో మెట్టుకి రెండు చొప్పున 84 రీడ్లు. వాటి కింద గాలి నిలిచే అర, దాని అడుగున స్ప్రింగు పెట్టిన లోపలి తిత్తి.

ఒక్కో తయారీదారు ఈ పలకని ఒక్కో రకంగా బిగిస్తాడు. కాబట్టి మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. హార్మోనియం రిపేరు చేసే ఆయన దగ్గరికి వెళ్ళి, శ్రుతి సరిచేయడానికి ఎలాగూ విప్పిన పెట్టె ఉంటే దాని యజమానిని అడిగి తీసుకోండి. అసలు మాట్లాడని పాత పెట్టె దొరికితే మరీ మంచిది. రీడ్‌ని వేలితో ముట్టుకోవద్దు. చెమట తగిలితే ఇత్తడి నల్లబడుతుంది. నాలుక ఏమాత్రం వంగినా శ్రుతి మారిపోతుంది. ఆ నాలుకని గీకి గీకి శ్రుతికి తెచ్చిన మనిషి కష్టం అందులో ఉంది. మనం ఫోటో కోసం దాన్ని పాడుచేయకూడదు.

రీడ్‌ని ఒక్కసారి దగ్గరగా చూడండి. దీర్ఘచతురస్రాకారపు ఇత్తడి పట్టీ, అందులో సన్నటి చీలిక, ఆ చీలిక మీద ఒక చివర మాత్రమే రివెట్ వేసిన నాలుక. రెండో చివర గాలిలో కాస్త లేచి ఉంటుంది. చాలా రీడ్ల మీద స్వరం గుర్తు పొడిచి ఉంటుంది. గుజరాత్‌లోని పాలితానా రీడ్లకి మంచి పేరుంది, పెట్టె యజమాని వాటి గురించి గర్వంగా చెబితే వినండి. మంద్ర స్థాయి (కింది స్వరాల) రీడ్లు పొడుగ్గా ఉంటాయి, తార స్థాయికి (పై స్వరాలకి) వచ్చేసరికి పొట్టివైపోతాయి. ఈ తేడా ఫోటోగ్రాఫర్‌కి వరం. పొడవు రీడ్ల వైపు నుంచి కెమెరా పెడితే వరస మామూలు కంటే ఎక్కువ దూరం వెళ్ళినట్టు కనిపిస్తుంది. పొట్టి రీడ్ల వైపు నుంచి పెడితే గది కుంచించుకుపోతుంది. కెమెరా ఎప్పుడూ మంద్రం వైపే పెట్టండి.

కెమెరా ఎక్కడ

రీడ్ బోర్డుని యథాస్థానంలోనే ఉంచి, రెండు చివర్లా సమాన ఎత్తున్న చెక్క ముక్కలు పెట్టి కొంచెం పైకి లేపమనండి. ఆ సందులోంచి మనం లోపలికి చూస్తాం. ప్రోబ్ లెన్స్, అంటే సన్నటి పొడుగాటి గొట్టంలాంటి లెన్స్, ఉన్నవాళ్ళకి ఇది చాలా హాయి. లావోవా 24 ఎంఎం ప్రోబ్ లెన్స్ గొట్టం మందం రెండు సెంటీమీటర్లే, పొడవు నలభై సెంటీమీటర్లు. సందులోకి నేరుగా వెళ్ళిపోతుంది. దాని అపర్చర్ని, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎంత తెరిచినా ఎఫ్/14 దాకానే (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), కాబట్టి వెలుతురు చాలదు, షట్టర్ సెకన్లపాటు తెరిచి ఉంచాలి. అంతా ఒక్క ఫ్రేములో ఫోకస్ అవుతుంది కదా అని ఎఫ్/40 దాకా మూసేయకండి. రంధ్రం మరీ చిన్నదైతే వెలుతురు దాని అంచుల దగ్గర వంగి చెదురుతుంది (దీన్నే డిఫ్రాక్షన్ అంటారు), ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/14 దగ్గరే ఉండి ఎక్కువ ఫ్రేములు తీయడం మేలు. దీని కొనకి చిన్న ఎల్ఈడీ లైట్లుంటాయి, వాటిని ఆపేయండి. లెన్స్ దగ్గరినుంచి వచ్చే వెలుతురు నీడల్ని చంపేస్తుంది. నీడ లేకపోతే గది ఉండదు.

ఫోన్‌తో తీసేవాళ్ళు ఫోన్‌ని తలకిందులు చేసి, లెన్స్ పెట్టె అడుగుకి తగిలేంత కిందికి తీసుకెళ్ళండి. మామూలుగా పట్టుకుంటే లెన్స్ పైన ఉంటుంది, రీడ్లు మరీ దగ్గరైపోతాయి. కిందినుంచి చూసినప్పుడే రీడ్ల వరస పైకప్పు అవుతుంది. వైడ్ లెన్స్ వాడండి. అయితే మీ ఫోన్ వైడ్ లెన్స్‌కి ఫోకస్ జరిపే వీలుందో లేదో ప్రో మోడ్‌లో చూసుకోండి. లేకపోతే మామూలు లెన్సే నయం. నైట్ మోడ్, హెచ్‌డీఆర్ రెండూ ఆపేయాలి. అవి చీకటిని తవ్వి తీసి అంతటినీ ఒకే వెలుగు చేస్తాయి, ఈ పాఠంలో మనం కష్టపడి కట్టేదంతా కూలిపోతుంది. ఆన్‌లైన్‌లో దొరికే ఎండోస్కోప్ కెమెరాతో ముందు లోపలంతా తిరిగి చూసి, ఏ కోణం బాగుందో ఎంచుకోవచ్చు. ఫోటోకి మాత్రం దాని నాణ్యత చాలదు.

కిటికీలు తెరవడం

హార్మోనియం మోగేటప్పుడు లోపలి అరలో నిండిన గాలి, రీడ్ చీలిక గుండా, మెట్టు కింది రంధ్రం గుండా బయటికి పోతుంది. మెట్టు నొక్కితే ఆ రంధ్రం తెరుచుకుంటుంది, వదిలేస్తే మెట్టు అడుగున ఉన్న తోలు దాన్ని మూసేస్తుంది. గాలి బయటికి పోయే దారే మనకి వెలుతురు లోపలికి వచ్చే దారి. మెట్టు నొక్కి ఉంచి బయట దీపం పెడితే, లోపల ఆ రీడ్ నాలుక చుట్టూ వెంట్రుకంత సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. నాలుక లేచి ఉన్న చివర కాస్త లావుగా, రివెట్ వైపు సన్నగా. అది మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా షట్టర్ నొక్కడం మర్చిపోవాలనిపిస్తుంది.

దీపం మెట్ల పైన పెడితే పని జరగదు, మెట్టే అడ్డం వస్తుంది. మెట్టు ఏ వైపు లేచి రంధ్రం తెరుచుకుంటోందో చూసి, ఆ వైపున, అంతే ఎత్తులో టేబుల్ ల్యాంప్ పెట్టండి. బల్బు ముందు బటర్ పేపర్ కట్టండి. లేకపోతే ఇత్తడి మీద తెల్లటి మచ్చలు పడతాయి. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేసి, కిటికీ తెర వేసి, సందులోంచి వచ్చే వెలుతురుకి నల్ల గుడ్డ అడ్డం కట్టండి. రెండు రకాల వెలుతురు కలిస్తే ఇత్తడి ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా వస్తుంది.

మెట్లు నొక్కి ఉంచడానికి మనిషిని కూర్చోబెడితే వేలు కదులుతుంది. ఆటోనగర్‌లో దొరికే లావు ఇనప నట్లు గుడ్డలో చుట్టి మెట్ల మీద పెడితే కదలకుండా నిలుస్తాయి. ఒకటి చాలకపోతే రెండు కట్టండి.

ఇప్పుడు ఏ మెట్లు నొక్కాలి? అన్నీ నొక్కితే వెలుగు గీతల గుంపు, అంతే. ఇక్కడే మన సంగీతం అక్కరకొస్తుంది. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు, వరసలో పన్నెండు కిటికీలు. సరళీ స్వరాలు నేర్చుకున్న ప్రతివాళ్ళకీ తెలిసిన మాయామాళవగౌళ తీసుకోండి. షడ్జమం, శుద్ధ రిషభం పక్కపక్కన ఉంటాయి, అంటే 1, 2. తర్వాత రెండు కిటికీలు చీకటి. అంతర గాంధారం, శుద్ధ మధ్యమం 5, 6. ఒక చీకటి. పంచమం, శుద్ధ ధైవతం 8, 9. మళ్ళీ రెండు చీకట్లు. కాకలి నిషాదం 12, దాని పక్కనే పై షడ్జమం. వెలుగులన్నీ జంటలు జంటలుగా పడతాయి. మధ్య చీకట్లు రెండు, ఒకటి, రెండు. ఎవరో కొలిచి కట్టిన స్తంభాల మండపంలా వస్తుంది. అదే మోహన నొక్కి చూడండి: 1, 3, 5, 8, 10. వెలుగులు ఒంటరిగా, ఎడం ఎడంగా పడతాయి, గది ఖాళీగా, పెద్దదిగా అనిపిస్తుంది. రాగం వాయించకుండానే దాని కట్టడం కళ్ళకి కనపడుతుంది. నా మటుకు ఈ పాఠం మొత్తంలో విలువైనది ఇదే. వేరే వాద్యంలో ఇలా సాధ్యమవుతుందని నాకు తోచడం లేదు. మీకు ఇష్టమైన రాగాలన్నీ కాగితం మీద పన్నెండు గళ్ళు గీసి ముందే చూసుకోండి. కొన్నిటికి అందమైన వరస వస్తుంది, కొన్నిటికి రాదు.

ఫ్రేములు తీయడం

ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుని సరిచేసే అమరిక) ఆటోలో వద్దు, ఒక అంకె దగ్గర పెట్టి వదిలేయండి. షట్టర్ వేగం వెలుగు గీత మరీ తెల్లగా కాలిపోకుండా చూసి ఎంచుకోండి. ఫోకస్ అన్నిటికంటే దగ్గరున్న రీడ్ కంటే కొంచెం ముందు మొదలుపెట్టి, వెనక గోడ దాటేదాకా ఒకే దిశలో జరపండి. వెనక్కి రాకండి. ప్రతి ఫ్రేములో స్పష్టంగా ఉన్న భాగం, ముందు ఫ్రేములోని స్పష్టమైన భాగంతో మూడో వంతైనా కలవాలి. ఫోకస్ జరిగేకొద్దీ దృశ్యం కొద్దిగా పెరిగి తగ్గుతుంది, కాబట్టి నాలుగు అంచుల్లోనూ కత్తిరించడానికి చోటు వదలండి. షట్టర్‌కి రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

కిటికీల వెలుగుతో ఒక వరస పూర్తయ్యాక కెమెరా కదపకుండా నట్లు తీసేయండి. మెట్లు మూసుకుంటాయి. ఇప్పుడు సందు వైపున్న నల్ల గుడ్డ కొంచెం తొలగించి, తెల్ల కాగితం మీద పడి తిరిగొచ్చే మెత్తటి వెలుతురుతో అదే ఫోకస్ వరస మళ్ళీ తీయండి. మొదటి వరసలో వెలుగు గీతలు, రెండో వరసలో చెక్క, తోలు, పెన్సిల్ గుర్తులు. విడివిడిగా కలిపి, రెండోదాన్ని మొదటిదాని మీద చాలా పలచగా వేయండి. ఎంత పలచగా అంటే, తీసేస్తేనే అది ఉందని తెలియాలి.

కలపడానికి ఫోటోషాప్‌లో ఆటో అలైన్, ఆ తర్వాత ఆటో బ్లెండ్ ఉన్నాయి. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ ఈ పనికోసమే చేసినవి. ఉచితంగా కావాలంటే హ్యూగిన్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ ఉంది. రీడ్ అంచుల చుట్టూ పొగలాంటి గీత వస్తే, ఆ చోట ఒక్క ఫ్రేము మాత్రమే తీసుకుని చేత్తో సరిచేయండి.

మన ఊళ్ళో దీనికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది అదురు. బందరు రోడ్డు పక్కన మేడమీద గదిలో తీస్తుంటే, లారీ వెళ్ళినప్పుడల్లా నేల కొద్దిగా వణుకుతుంది. మీకు తెలియదు గానీ నాలుగు సెకన్ల షట్టర్‌కి తెలుస్తుంది. కింది గదిలో, తెల్లవారుజామున తీయండి. ఫ్యాన్ ఎలాగూ ఆపాలి, ఎండాకాలంలో అయితే ఆ వేళ తప్ప కూర్చోలేం కూడా. రెండోది తేమ. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి వెంటనే తెరిస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి తర్వాత బయటికి తీయండి.

దుమ్ము సంగతి. రీడ్ మీద దూది పోగు ఒక్కటి ఉన్నా అది తాడంత లావుగా కనిపించి గది మాయ మొత్తం పోతుంది. మెత్తటి బ్రష్‌తో చెక్క మీదా, అడుగునా మాత్రమే తుడవండి. రీడ్ల మీద ఉన్నదాన్ని రిపేరు చేసే ఆయనకి వదిలేయండి. తోలు మీద వేసిన మాసికలు, తయారీదారు పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు, పాత జిగురు మరకలు అలాగే ఉండాలి. అవే ఆ పెట్టె వయసు చెప్తాయి.

పని అయ్యాక బోర్డు బిగించిన వెంటనే, యజమాని ఎదుటే తిత్తి కొట్టి ప్రతి మెట్టూ విడిగా వాయించి చూడమనండి. ఏ మెట్టూ నొక్కకుండానే ఒక స్వరం సన్నగా మోగుతూ ఉంటే, ఆ మెట్టు తోలు కింద నలుసు ఇరుక్కున్నట్టు. ఒక మెట్టు మూగబోతే రీడ్ చీలికలో ఏదో పడినట్టు. రెండూ అక్కడే సరిచేసేవే, ఇంటికి తీసుకెళ్ళాక తెలిస్తే మాత్రం మీకు ఇంకోసారి పెట్టె ఇవ్వరు.

అభ్యాసానికి రెండు ఫోటోలు తీయండి. ఒకటి మాయామాళవగౌళ జంటలతో, ఇంకొకటి ఒకే ఒక్క మెట్టు నొక్కి. రెండోదే కష్టం.

వచ్చే పాఠం మృదంగం. మూతలు మార్చడానికి విప్పినప్పుడు తప్ప దాని లోపలికి వెళ్ళలేం, అది కూడా కాసేపే. కాబట్టి మీకు దగ్గర్లో మృదంగం మూయించుకునే విద్యార్థులెవరైనా ఉంటే, వాళ్ళు ఎప్పుడు ఇవ్వబోతున్నారో ఇప్పుడే కనుక్కుని ఉంచండి.