ఇటలీలో కారు ప్రయాణం, 4వ పాఠం: రాత్రికి కారు వీధిలో వదలాలంటే

ఈసారి పెట్రోల్ బంకుల గురించి రాద్దామనుకున్నాను. కానీ పార్కింగ్ గీతల రంగుల పాఠం చదివి వెళ్లినవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు: "తెల్ల గీతల మధ్యే పెట్టాం. పొద్దున చూస్తే కారు లేదు." బంకులు ఆగుతాయిలెండి.

గీత డబ్బు సంగతి మాత్రమే చెబుతుంది. తెలుపైతే కట్టక్కర్లేదు, నీలమైతే కట్టాలి, పసుపైతే మన జోలి కాదు. ఆ రాత్రి అక్కడ కారు ఉండొచ్చా లేదా అన్నది స్తంభానికున్న బోర్డు చెబుతుంది. మీ కార్లను ఎవరూ దొంగిలించలేదు. వీధి ఊడ్చే బండికి అడ్డొస్తే లాక్కెళ్లారు.

ఫ్లోరెన్స్ బోర్డు ఒకటి తీసుకుందాం. మంగళవారం, 0–6 అని ఉంటుంది, అంటే అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా. పక్కన కారును లాక్కెళ్లే బండి బొమ్మ. మీరు సోమవారం సాయంత్రం కారు ఆపి, బోర్డు చూసి, "అది రేపు కదా" అనుకుని భోజనానికి పోతారు. మన పంచాంగంలో సూర్యోదయంతోనే వారం మారుతుంది. పంచాంగం చూడనివాళ్లు కూడా "సోమవారం రాత్రి ఒంటిగంటకి" అనే అంటారు. ఆ బోర్డుకి మాత్రం ఆ ఒంటిగంట మంగళవారమే. కాబట్టి మంగళవారం 0–6 అని ఉంటే సోమవారం రాత్రి పడుకునే ముందే కారు తీసేయాలి. ఆదివారం 0–6 అంటే శనివారం రాత్రి పెట్టకూడదు. మంగళవారం రాత్రి పదింటికి పెట్టారా, పర్వాలేదు, ఆ గండం అప్పటికే దాటిపోయింది. బోర్డు మీద సున్నా గంటల నుంచి మొదలయ్యే టైమ్ కనిపిస్తే ఒక రోజు వెనక్కి జరిపి, ముందు రోజు రాత్రి అని చదవండి. నేను చేసేది అంతే.

కొన్ని బోర్డుల మీద నెలలో రెండో మంగళవారం అనో, నాలుగో మంగళవారం అనో ఉంటుంది. అక్కడ క్యాలెండర్ వరసలు లెక్కపెట్టకండి. 2026 జులై బుధవారంతో మొదలవుతుంది. 7వ తేదీ మంగళవారం రెండో వరసలో కనిపించినా అది మొదటి మంగళవారమే. రెండోది 14.

నీలం గీతల దగ్గర అడ్డంగా వేసిన రెండు సుత్తుల బొమ్మ ఉంటే పనిదినాలని అర్థం, అందులో శనివారం కూడా ఉంది. సిలువ బొమ్మ ఉంటే ఆదివారాలు, పండగలు. రాత్రి 8 తర్వాత డబ్బు అడగని చోట చాలా మెషీన్లు ముందే కట్టించుకుని, మర్నాడు పొద్దున 8 నుంచి లెక్క మొదలుపెడతాయి. చీటీ మీద టైమ్ చూసుకుంటే పొద్దున్నే పరుగెత్తే టెన్షన్ ఉండదు.

నన్నడిగితే ఫ్లోరెన్స్‌లో వీధి జోలికే పోవద్దు. ఏ1 హైవే మీద నుంచి నేరుగా విల్లా కొస్తాంజా పార్కింగ్‌లోకి దిగి, టీ1 ట్రామ్ ఎక్కితే ఊళ్లో ఉంటారు. వెనిస్‌కైతే మెస్త్రే స్టేషన్ దగ్గర్లోని గ్యారేజీలో పెట్టి రైలెక్కుతాను. ఎలాగూ ఆ ఊళ్లో కారు తిరగదు. హోటల్ జెడ్‌టీఎల్ (అనుమతి లేని కార్లు రాకూడని ప్రాంతం) లోపల ఉంటే, వెళ్లకముందే కారు నంబరు పంపి, నమోదు చేస్తారేమో అడగండి. లేకపోతే కెమెరా ఫోటో తీస్తుంది. విదేశాల్లో ఉండేవాళ్లకి ఫైన్ నోటీసు పంపడానికి అక్కడి అధికారులకి 360 రోజుల గడువుంది. మీరు ఇంటికొచ్చి ట్రిప్పు సంగతే మర్చిపోయాక రావచ్చు. రెంటల్ కంపెనీ మీ అడ్రసు ఇచ్చినందుకు విడిగా ఇంకొంత పట్టుకుంటుంది.

సామాను డిక్కీలోకి మార్చేది కారు పెట్టే చోట కాదు, అంతకు ముందు ఆగినచోటే. పాస్‌పోర్టు కారులో వదలొద్దని వేరే చెప్పాలా? హ్యాండ్‌బ్రేకు, గేరు సంగతి మీకు తెలిసిందే.

అభ్యాసం: నీలం గీతలు, సుత్తుల బోర్డు, 8–20. కింద ఇంకో బోర్డు: రెండో శనివారం 0–6, లాగుడు బండి బొమ్మ. మీరు 2026 జులై 10, శుక్రవారం సాయంత్రం 7కి వచ్చారు, ఆదివారం పొద్దున 10కి బయల్దేరతారు. కారు అక్కడ పెట్టొచ్చా? అదే 17వ తేదీ శుక్రవారమైతే? పెట్టగలిగిన వారం మొత్తం ఎన్ని గంటలకు డబ్బు కట్టాలి? క్యాలెండర్ తీయకుండా, వేళ్ల మీద లెక్కేసి చెప్పండి.